వెలగని తెర – కొత్త కంప్యూటరులో దోష నిర్ధారణ

మా కురవి పేరు తెలుగు సాహిత్య విద్యార్థులకు కొత్తది కాదు. తొలినాటి తెలుగు వచనానికి ఉదాహరణగా సాహిత్య చరిత్రలలో పేర్కొనబడే కొరవి శాసనం ఈ ఊరిదే. అంతటి ప్రాచీన శాసనాన్ని చదవబూనిన పరిశోధకుడు, అక్షరాలు కంటికి ఆననంత మాత్రాన ‘ఇందులో ఏమీ లేదు’ అని లేచిపోడు. రాతిని శుభ్రం చేస్తాడు. వెలుతురు ఏటవాలుగా పడే వేళ కోసం కనిపెట్టుకొని ఉంటాడు. ఒక్కొక్క అక్షరాన్నే కూడబలుక్కుంటాడు. ఈ ఓర్పు శాసనాలకే గాక యంత్రాలకు కూడ అవసరమని మాకు 2024వ సంవత్సరంలో తెలిసివచ్చింది. తెలుగు బోధించే మేము కంప్యూటరును గురించి వ్రాయబూనడం కొందరికి వింతగా తోచవచ్చు. అయితే ఆ విషయంలో మేము నేర్చుకొన్నదీ, చేసిన తప్పూ రెండూ విద్యార్థులకు పనికి వస్తాయన్న నమ్మకమే ఈ వ్యాసానికి కారణం.

ఆ సంవత్సరం కళాశాల కమిటీ వారు ఉర్దూ, తెలుగు శాఖల ఉపయోగార్థం ఒక కంప్యూటరుకు సొమ్ము మంజూరు చేశారు. తయారైన యంత్రాన్ని కొనుటకంటె భాగాలను విడివిడిగా తెచ్చి విద్యార్థుల చేతనే అమర్పించినట్లయితే, సొమ్ముకు తగిన యంత్రమూ లభిస్తుంది, పిల్లలకు విద్యా అబ్బుతుంది అని మేమే ప్రతిపాదించాము. కంప్యూటరు సామగ్రికి సికింద్రాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటరు పేరుపొందిన చోటు. ముగ్గురు విద్యార్థులను వెంటబెట్టుకొని రైలులో వెళ్ళి, అట్టపెట్టెలను ఒళ్ళో పెట్టుకొని రాత్రికి మానుకోట స్టేషనులో దిగాము. మరుసటి దినం మదర్‌బోర్డును డబ్బాలో బిగించడం, ప్రాసెసరును దాని గూటిలో కూర్చోబెట్టడం, ర్యామ్ పలకలను గుచ్చడం, తీగలు కలపడం అన్నీ పూర్తి అయ్యాయి. ప్రాసెసరును అమర్చిన వాడు కురవికి చెందిన రెండవ సంవత్సరపు విద్యార్థి. చివరగా మానిటరు కేబులును తగిలించింది మేము.

కమిటీ పెద్దలు ఒకరు వచ్చి కూర్చున్నారు. మీట నొక్కాము. పంకాలు తిరిగాయి. రంగురంగుల దీపాలు వెలిగాయి. తెర మాత్రం నల్లగా ఉండిపోయింది. మరల నొక్కాము. మరల అంతే. పది నిమిషాల పిదప ఆ పెద్దలు ఏమీ అనకుండా లేచి వెళ్ళిపోయారు. వారు ఏమైనా అని ఉంటేనే బాగుండునని అనిపించింది. ఆ అవమాన భారంలో మేము ఆ కురవి విద్యార్థి వంక తిరిగి, “నీవే గూటిలోని పిన్నులు వంచి ఉంటావు” అన్నాము. అతడు బదులు పలుకలేదు. మరునాడు కళాశాలకు రాలేదు. ఆ మరునాడు కూడ రాలేదు. సామగ్రిని వాపసు తీసుకొనుటకు దుకాణదారుడు ఇచ్చిన గడువు ఒక్క వారమే. బోర్డును విప్పి తిరిగి పంపుటకు మేము అట్టపెట్టె సిద్ధం చేసుకొన్నాము.

మూడవ దినం సాయంకాలం ఆ విద్యార్థి ఇంటికి వెళ్ళాము. అతని తండ్రి కురవిలో మోటారు వైండింగు పని చేస్తాడు. మేము వెళ్ళేసరికి ఒక రైతు బోరు మోటారు కాలిపోయిందనీ, వెంటనే పైకి తీయించమనీ తొందర పెడుతున్నాడు. ఆ తండ్రి తొణకలేదు. మూడు ఫేజులు వస్తున్నవా, ఫ్యూజులు బాగున్నవా, స్టార్టరు పట్టుకొంటున్నదా, కేబులు అతుకులు తడిసినవా అని వరుసగా అడిగాడు. పిదప మా వంక చూసి, “మోటరు గుంజుడు ఆఖరి పని సార్. ముందుగాల కరెంటు ఎక్కడిదాక వస్తున్నదో చూడాలె” అన్నాడు. ఆయన మమ్మల్ని ఉద్దేశించి ఆ మాట అన్నాడో లేదో తెలియదు గాని, అది మాకు సూటిగానే తగిలింది. కరెంటు ఎక్కడిదాకా వచ్చిందో చూడకుండానే మోటారు పైకి లాగబోయినవాళ్ళం మేము.

తెర ఎప్పుడు వెలుగుతుంది?

దోషాన్ని వెదకుటకు ముందు యంత్రం మేల్కొనే క్రమం తెలియాలి. మీట నొక్కగానే పవర్ సప్లయ్ అనబడే పెట్టె గోడ నుండి వచ్చే 230 వోల్టుల విద్యుత్తును 12, 5, 3.3 వోల్టుల సన్నని ధారలుగా మార్చి అందిస్తుంది. ఆ ధారలు నిలకడగా ఉన్నవని మదర్‌బోర్డుకు సంకేతం పంపుతుంది. అప్పుడు ప్రాసెసరు మేల్కొని, బోర్డు మీది ఒక చిన్న చిప్పులో శాశ్వతంగా వ్రాసి ఉంచిన బయోస్ అనే ఆదేశాలను చదవడం ప్రారంభిస్తుంది. ఆ ఆదేశాల ప్రకారం మొదట తనను తాను, పిదప ర్యామ్‌ను, ఆ పిమ్మట గ్రాఫిక్సు భాగాన్ని పరీక్షించుకొంటుంది. ఈ స్వయం పరీక్ష నేటిది కాదు. 1981లో ఐబీఎం సంస్థ వెలువరించిన వ్యక్తిగత కంప్యూటరులోనే ఇది ఉన్నది.

ఇందులో గమనింపదగిన విషయం ఒకటి ఉన్నది. గ్రాఫిక్సు భాగం సిద్ధమైన తరువాతనే తెర మీద మొదటి అక్షరం కనబడుతుంది. అనగా ఈ వరుసలో తెర చివరి సాక్షి. దానికి ముందు జరిగిన ఏ లోపాన్ని గురించీ అది సాక్ష్యం చెప్పలేదు. విద్యుత్తు అందకపోయినా, ర్యామ్ సరిగా కూర్చోకపోయినా, కేబులు తప్పు చోట తగిలించినా తెర మీద కనబడేది ఒకే చీకటి. ఆ చీకటిని చూసి ‘బోర్డు పోయింది’, ‘ప్రాసెసరు కాలింది’ అని తీర్పు చెప్పడం జ్వరం చూడగానే రోగం పేరు చెప్పడం వంటిది. యునానీ వైద్యంలో మందు కంటె ముందు తష్ఖీస్ జరగాలి. హకీము మొదట నబ్జ్ పట్టి చూస్తాడు. కంప్యూటరుకు కూడ తెర కాక వేరే నాడులు ఉన్నాయి.

మొదటి నాడి బోర్డు మీది చిన్న దీపాలు. నేటి బోర్డులు చాలావాటిపై సీపీయూ, డీర్యామ్, వీజీఏ, బూట్ అన్న అక్షరాల పక్కన నాలుగు చిన్న దీపాలు ఉంటాయి. పరీక్ష జరుగుతున్నప్పుడు ఇవి ఒకదాని వెంట ఒకటి వెలిగి ఆరుతాయి. ఏది ఆరకుండా నిలిచిపోతుందో పరీక్ష అక్కడ ఆగిందని అర్థం. రెండవ నాడి శబ్దం. బోర్డుకు ఒక చిన్న స్పీకరు తగిలిస్తే అది ధ్వనులతో సమాధానం చెబుతుంది. ఛందస్సు చదివిన విద్యార్థులకు గురులఘువులను లెక్కించడం అలవాటే గదా! ఏసస్ వారి బోర్డులలో ఒక దీర్ఘధ్వని, రెండు హ్రస్వధ్వనులు వినబడితే ర్యామ్ కనబడలేదనీ, ఒక దీర్ఘం మూడు హ్రస్వాలు వినబడితే గ్రాఫిక్సు కార్డు కనబడలేదనీ అర్థం. ఒక్కొక్క సంస్థ లెక్క ఒక్కొక్క తీరుగా ఉంటుంది కాబట్టి, బోర్డుతో వచ్చే పుస్తకాన్ని అట్టపెట్టెతో పాటు పారవేయరాదు.

వెదకవలసిన క్రమం

ఏ తీగను ముట్టుకోవలసి వచ్చినా మొదట యంత్రాన్ని ఆపి, గోడ ప్లగ్గు తీసి, లోపల మిగిలిన విద్యుత్తు పోయేటట్లు మీటను కొన్ని క్షణాలు నొక్కి ఉంచాలి. డబ్బా లోహాన్ని ఒకసారి తాకి, మన ఒంటిలోని స్థిర విద్యుత్తును వదిలించుకోవాలి. పవర్ సప్లయ్ పెట్టెను మాత్రం ఎట్టి పరిస్థితిలోను విప్పరాదు. ప్లగ్గు తీసిన తరువాత కూడ అందులో ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచి ఉండగలదు.

పిదప అడగవలసిన మొదటి ప్రశ్న: యంత్రం అసలు లేవలేదా, లేచి కూడ కనబడడం లేదా? పంకా సైతం తిరగనట్లయితే గోడ స్విచ్చి, యూపీఎస్, పవర్ సప్లయ్ వెనుక ఉండే స్విచ్చి, బోర్డుకు వచ్చే 24 పిన్నుల పెద్ద తీగ, డబ్బా మీట నుండి బోర్డుకు వచ్చే సన్నని తీగ, వీటిని వరుసగా చూడాలి. పంకాలు తిరుగుతూ తెర మాత్రమే నల్లగా ఉన్నట్లయితే ఈ క్రింది వరుస అనుసరించదగినది.

మొట్టమొదట మానిటరు. దాని మీట దీపం వెలుగుతున్నదా? ఒక మానిటరుకు రెండు మూడు ద్వారాలు ఉంటాయి. మనం కేబులు తగిలించిన ద్వారాన్నే అది ఎంచుకొన్నదా? ఆ మానిటరును, ఆ కేబులును బాగా పనిచేస్తున్న మరొక కంప్యూటరుకు తగిలించి చూస్తే రెండు నిమిషాలలో సందేహం తీరుతుంది.

రెండవది కేబులు తగిలించిన చోటు. యంత్రంలో విడిగా గ్రాఫిక్సు కార్డు ఉంటే, మానిటరు కేబులును ఆ కార్డుకే తగిలించాలి. డబ్బా వెనుక పైభాగంలో మదర్‌బోర్డుకు కూడ అదే ఆకారపు ద్వారం ఉంటుంది. అది మనల్ని ఇట్టే మోసగిస్తుంది. ఇంటెల్ వారి ప్రాసెసర్లలో సంఖ్య చివర ఎఫ్ అక్షరం ఉన్నవాటికి బొమ్మను చూపే శక్తి స్వంతంగా లేదు. అట్టి ప్రాసెసరు ఉన్నప్పుడు బోర్డు ద్వారానికి కేబులు తగిలిస్తే తెర ఎన్నటికీ వెలగదు. ఏఎండీ వారి రైజెన్ 5000 శ్రేణిలో మామూలు కంప్యూటర్లకు వచ్చినవాటిలో జీ అక్షరం ఉన్నవాటికే ఆ శక్తి ఉన్నది.

మూడవది ప్రాసెసరుకు వచ్చే ప్రత్యేక విద్యుత్తు. 24 పిన్నుల తీగ కాక, బోర్డు పైమూలలో ప్రాసెసరు కొరకు నాలుగు లేదా ఎనిమిది పిన్నుల ద్వారం వేరుగా ఉంటుంది. దానిని మరచినా పంకాలు తిరుగుతాయి, దీపాలు వెలుగుతాయి, ప్రాసెసరు మాత్రం మేల్కొనదు. గ్రాఫిక్సు కార్డుకు స్వంత విద్యుత్ ద్వారం ఉన్నట్లయితే దానికీ ఇదే నియమం.

నాలుగవది ర్యామ్. కొత్తగా అమర్చిన యంత్రాలలో దోషం తరచుగా ఇక్కడే ఉంటుంది. పలకను గుచ్చుటకు కావలసిన బలం మనం అనుకొనే దానికంటె ఎక్కువ. విరుగుతుందేమోనన్న భయంతో సగం గుచ్చి వదిలివేస్తాము. కొక్కెం టక్కుమని పడే వరకు, పలక రెండు చివరలు సమానంగా దిగే వరకు నొక్కాలి. రెండు పలకలు ఉంటే ఒకదానిని తీసివేసి, ఒక్కదానితోనే ప్రయత్నించాలి. నాలుగు గళ్ళు ఉన్న బోర్డులలో ఒక్క పలకను సాధారణంగా ప్రాసెసరు నుండి లెక్కించగా రెండవ గడిలో ఉంచాలి.

ఐదవది ఓర్పు. దీనిని కూడ ఒక పరీక్షగానే చెప్పవలసి ఉన్నది. డీడీఆర్ 5 రకపు ర్యామ్‌తో వచ్చే యంత్రాలు, ముఖ్యంగా 2022 సెప్టెంబరులో వెలువడిన రైజెన్ 7000 తరం నుండి, మొదటిసారి లేచినప్పుడు ర్యామ్‌తో పొత్తు కుదుర్చుకొనుటకు కొన్ని నిమిషాలు తీసుకొనవచ్చు. అంతవరకు తెర నల్లగానే ఉంటుంది. అర నిమిషానికొకసారి మీట నొక్కి ఆపేవాడు ఆ యంత్రాన్ని ఎన్నడూ లేవనీయడు. పది పదిహేను నిమిషాలు ముట్టుకోకుండా కూర్చోవడం కూడ పనిలో భాగమే.

అప్పటికీ తెర వెలగకపోతే బోర్డు మీది నాణెం వంటి సీఆర్ 2032 బ్యాటరీని తీసి, కొంతసేపటికి మరల పెట్టాలి. అందువల్ల బయోస్ గుర్తుంచుకొన్న అమరికలు చెరిగిపోయి మొదటి స్థితికి వస్తాయి. ఆ తరువాత బోర్డుకు ప్రాసెసరు తెలుసునా అని విచారించాలి. 2018లో వచ్చిన బీ450 రకపు బోర్డులో, 2020 నవంబరులో వచ్చిన రైజెన్ 5000 ప్రాసెసరును అమర్చినట్లయితే, బయోస్‌ను కొత్తది చేయనంతవరకు ఆ బోర్డు దానిని గుర్తించదు. రెండు భాగాలూ నిర్దోషులే. వాటికి పరిచయమే లేదు. అట్టి సందర్భంలో బయోస్ మార్పించి ఇమ్మని దుకాణదారుణ్ణి అడగడం ఉచితం.

ఇవన్నీ చూసిన తరువాతనే బోర్డును డబ్బా నుండి బయటికి తీయాలి. పొడి అట్టముక్క మీద పరచి, ప్రాసెసరు, దాని పంకా, ఒక్క ర్యామ్ పలక, అవసరమైతే గ్రాఫిక్సు కార్డు, వీటితో మాత్రమే లేపి చూడాలి. బయట లేచి డబ్బాలో లేవనట్లయితే, బోర్డు అడుగున ఎక్కడో ఒక మర తగలరాని చోట తగులుతున్నదని ఊహించవచ్చు. ప్రాసెసరును పైకి తీసి గూటిలోని పిన్నులను పరీక్షించడం అన్నిటికంటె చివరి పని. అనవసరంగా తీసి పెట్టడంలోనే పిన్నులు వంగే ప్రమాదం ఎక్కువ.

ఈ క్రమం అంతటికీ నియమం ఒక్కటే. ఒక్కసారికి ఒక్క మార్పే చేయాలి. చేసిన మార్పును వ్రాసుకోవాలి. నాలుగు మార్పులు ఒక్కసారి చేసి తెర వెలిగిందని సంతోషించిన వానికి యంత్రం దక్కుతుంది గాని విద్య దక్కదు.

మాకు దొరికిన దోషాలు

మరునాడు ఆ విద్యార్థి మాతో వచ్చాడు. అట్టపెట్టెను పక్కకు నెట్టి మొదటి నుండి ప్రారంభించాము. మానిటరు బాగున్నది. డబ్బా వెనుకకు వంగి చూసిన విద్యార్థి కొంతసేపు ఆగి, “సార్, కేబుల్ బోర్డుకు ఉన్నది” అన్నాడు. మా ప్రాసెసరు సంఖ్య చివర ఎఫ్ అక్షరం ఉన్నది. కేబులు తగిలించింది మేము. దానిని కార్డుకు మార్చాము. తెర అప్పటికీ వెలగలేదు.

ఇచ్చటనే తొందరపాటు మనిషిని పక్కదారి పట్టిస్తుంది. కేబులు మార్చినా ప్రయోజనం లేదు కాబట్టి దోషం అది కాదని మేము దానిని తిరిగి పాత చోటనే తగిలించబోయాము. విద్యార్థి వారించాడు. “రెండు తప్పులు ఉండొచ్చు గద సార్” అన్నాడు. సరి అయినదానిని సరిగానే ఉంచి ముందుకు సాగాలన్న తర్కం మాకు తట్టలేదు, అతనికి తట్టింది. బోర్డు మీద డీర్యామ్ అన్న అక్షరాల పక్కన ఒక దీపం మూడు దినాల నుండి వెలుగుతూనే ఉన్నది. దానిని మేము అలంకారం అనుకొన్నాము. ర్యామ్ పలక ఒక చివర దిగలేదు. అతడు దానిని నొక్కగానే కొక్కెం టక్కుమన్నది. ఈసారి మీట నొక్కితే తెర మీద తెల్లని అక్షరాలు వచ్చాయి. ప్రాసెసరు గూటి జోలికి పోవలసిన అవసరమే రాలేదు.

“తప్పు మాది నాయనా” అన్నాము. అతడు సిగ్గుపడి తల వంచుకొన్నాడు.

కమిటీ వారికి మనవి

ఈ అనుభవాన్ని బట్టి కమిటీ పెద్దలకు కొన్ని విషయాలు విన్నవించుకొంటున్నాము. మొదటిది, కంప్యూటరు గదిలోని ప్రతి ప్లగ్గుకు ఎర్తింగు ఉన్నదో లేదో ఎలక్ట్రీషియను చేత పరీక్షింపజేయాలి. డబ్బాను తాకితే చేయి జివ్వుమంటున్నదంటే అది యంత్రానికే గాక పిల్లలకు కూడ ప్రమాదం. రెండవది, పనిచేస్తున్నదని తెలిసిన ఒక మానిటరు, ఒక కేబులు, ఒక ర్యామ్ పలక, ఒక చిన్న స్పీకరు బీరువాలో ఉంచాలి. మంచిదని తెలిసిన భాగం చేతిలో ఉంటే, చెడ్డది ఏదో తేల్చడం సులభం. మూడవది, విద్యార్థుల చేతులను యంత్రం నుండి దూరంగా ఉంచరాదు. హైదరాబాదులో 1967లో స్థాపించబడిన ఈసీఐఎల్ వారు 1970 దశకంలోనే మన దేశపు కంప్యూటర్లను తయారుచేశారు. ఆ పని చేసిన చేతులు కూడ ఎక్కడో ఒకచోట మొదటి తప్పు చేసి నేర్చుకొన్నవే.

నాలుగవది, ప్రతి యంత్రానికి ఒక రిజిస్టరు ఉండాలి. ఏ దినం ఏ దోషం కనబడింది, ఏ క్రమంలో వెదికారు, ఏది సరిచేస్తే పోయింది అన్నవి అందులో వ్రాయాలి. మా కంప్యూటరుకు అట్టి రిజిస్టరును ఆ విద్యార్థే ప్రారంభించాడు. మొదటి పుటలో రెండు దోషాలను చక్కని దస్తూరితో వ్రాశాడు. ఒకటి, మానిటరు కేబులు తప్పు చోట తగిలించుట. రెండు, ర్యామ్ పలక సగమే దిగుట. ఎవరి వలన జరిగింది అన్న గడిని మాత్రం రెండు చోట్లా ఖాళీగా వదిలి, పుస్తకాన్ని మా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

ర్యామ్ పలకను గుచ్చిన వారెవరో నేటికీ తేలలేదు. ఆ గడి ఖాళీగానే ఉన్నది. మొదటి గడిలో మా పేరు వ్రాసి సంతకం చేశాము. కొత్తగా చేరే విద్యార్థులకు కంప్యూటరును చూపే ముందు ఆ పుటను చూపడం మా అలవాటు.